జర్మనీ అమ్మాయి మన పల్లెలో ఏడాది ఉండగలదా? ఉండగలదు, కానీ ఏసీ కంటే ముందు గడియ పెట్టించండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీ తమ్ముడు జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాడు, అక్కడి అమ్మాయినే పెళ్లి చేసుకున్నాడు, ఇద్దరూ కదిరి దగ్గర మీ సొంతూరికి వచ్చి ఒక ఏడాది ఉండాలనుకుంటున్నారు, ఆ అమ్మాయి ఇంటి నుంచే కంప్యూటర్ మీద పని చేసుకుంటుంది. "మా మరదలు ఈ ఎండలు, ఈ కారం, ఈ కరెంటు తట్టుకోగలదా? ఏసీ పెట్టిస్తే సరిపోతుందా? ఇంకా ఏమేం చేయించాలి?" అని మీ టెన్షన్.

సూటిగా చెప్తాను. తట్టుకుంటుంది. ఎండకో కారానికో భయపడి మధ్యలో వెళ్లిపోయిన యూరప్ వాళ్లను నేను చూసింది చాలా తక్కువ. వెళ్లిపోయినవాళ్లలో ఎక్కువ మంది రెండు కారణాలకే వెళ్లారు. రోజు మొత్తంలో ఒక్క గంట కూడా వాళ్లను ఒంటరిగా వదలకపోవడం ఒకటి. చేయడానికి ఏ పనీ ఇవ్వకుండా నెలల తరబడి కుర్చీలో కూర్చోబెట్టి చుట్టాల్లా చూడడం ఇంకొకటి. అందుకని లోపల గడియ పడే గది ఒకటి, ఊళ్లో ఆమెదంటూ ఒక పని ఒకటి, ఈ రెండూ ముందు చూడండి. ఏసీ, కమోడ్, ఇన్వర్టర్ డబ్బులు పెడితే వచ్చేవే.

నా సంగతి చెప్పాలి కదా. అనంతపురం పల్లెల్లో పనిచేయడానికి వచ్చే విదేశీయుల వెంట దుబాసీగా చాలా ఏళ్లు తిరిగాను. ఆ తర్వాత మా మిద్దె మీద రెండు గదులు కట్టి వాళ్లకే అద్దెకిస్తున్నాం. స్పెయిన్, ఫ్రాన్స్, ఇటలీ, బెల్జియం, జర్మనీ వాళ్లు మా ఇంట్లో నెలల తరబడి ఉన్నారు. నెల ఉండేవాళ్లకు అన్నీ బాగుంటాయి, వాళ్ల మాట వదిలేయండి. నేను చెప్పేదంతా ఆరు నెలలూ ఆ పైనా ఉండడానికని వచ్చినవాళ్ల గురించి.

మీ అదృష్టం ఏంటంటే మన వైపు తెల్లవాళ్లు మరీ వింత కాదు. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి, 2009లో పోయేదాకా ఇక్కడే ఉన్నాడు. ఆయన మొదలుపెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే సంస్థ స్కూళ్లు, ఇళ్లు, బత్తలపల్లి ఆసుపత్రి తెలియనివాళ్లు ఈ చుట్టుపక్కల ఉండరు. స్పెయిన్ నుంచి స్పాన్సర్లు తాము సాయం చేసే పిల్లలను చూడడానికి పల్లెలకు వస్తుంటారు, దండలు వేసి డప్పులతో తీసుకెళ్తారు. దీని వల్ల ఒక చిక్కు కూడా ఉంది. మీ మరదలు జర్మనీ అని మీరు ఎంత చెప్పినా సగం ఊరికి ఆమె స్పెయినే, మిగతా సగానికి స్పాన్సరే. "మా పాపకు కూడా పేరు రాయించమను తల్లీ" అని ఎవరో ఒకరు మొదటి వారంలోనే వస్తారు. ఆమె ఎవరు, ఎందుకు వచ్చింది అన్నది మీరే ముందుగా నలుగురికీ చెప్పి పెట్టండి. మా కోడలు, మాతో ఉండడానికి వచ్చింది, ఏ సంస్థ తరఫునా కాదు అని. ఈ మాట మీ అమ్మగారి నోటి నుంచి వస్తే ఇంకా బాగా పాకుతుంది.

ఇక గడియ సంగతి. మన ఇళ్లలో పగటిపూట తలుపు వేసుకుని కూర్చుంటే దానికి అర్థాలు రెండే, ఒంట్లో బాగాలేదు, లేదా ఇంట్లో గొడవైంది. వాళ్లకు అలా కాదు. పని చేసి వచ్చి, గంటసేపు ఎవరితోనూ మాట్లాడకుండా పుస్తకం చదువుకోవడమో గోడ వైపు చూస్తూ పడుకోవడమో వాళ్లకు అన్నం తిన్నంత మామూలు. మనం మంచితనంతోనే చేస్తాం గానీ, ఆ గంటలోనే నాలుగుసార్లు వెళ్లి "ఏమ్మా, ఒక్కదానివే కూర్చున్నావ్, బోరు కొట్టట్లేదా" అంటాం. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఒక నర్సు మా పక్క ఊళ్లో ఒక పెద్ద కుటుంబంతో ఉండేది. ఇంట్లో గడియ ఉన్న తలుపు బాత్రూముదొక్కటే. బకెట్టుతో పాటు పుస్తకం కూడా తీసుకుని లోపలికి వెళ్లేది, బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని చదువుకునేది. పావుగంట దాటగానే ఆ ఇంటి అవ్వ తలుపు కొట్టేది, "కడుపు బాగలేదా నాయనా?" అని. బయటికి వచ్చేసరికి చెంబు నిండా మజ్జిగ, అందులో ఇంగువ. పాపం ఆవిడ ఆ మజ్జిగ తాగి మళ్లీ అందరి మధ్యా కూర్చునేది. నాకు చెప్పి నవ్వింది, నవ్వుతూనే కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆరు నెలలకని వచ్చిన మనిషి మూడో నెలలో వెళ్లిపోయింది. ఆ ఇంటివాళ్లకు ఇప్పటికీ కారణం తెలీదు, మా వంట నచ్చలేదేమో అనుకుంటున్నారు.

కాబట్టి ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకోండి. మధ్యాహ్నం ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా ఆ తలుపు ఎవరూ కొట్టకూడదు, పిల్లలతో సహా. మీ అమ్మగారికి, చిన్నమ్మలకు ఇది కోపం కాదు, పొగరు కాదు అని మీ తమ్ముడే చెప్పాలి. మీరు చెప్తే "నీకెందుకులే" అంటారు, కొడుకు చెప్తే వింటారు. అదే సమయంలో మరదలికి కూడా చెప్పాల్సింది ఉంది. సాయంత్రం అరుగు మీద అందరూ కూర్చున్నప్పుడు తను కూడా వచ్చి కూర్చోవాలి, మాటలు అర్థం కాకపోయినా సరే. ఆ ఒక్క గంట కూర్చుంటే మిగతా రోజంతా తలుపు వేసుకున్నా ఎవరూ తప్పు పట్టరు.

నడక. దీని మీద ఒక చిన్న పుస్తకం రాయొచ్చు. యూరప్ వాళ్లు ఊరికే నడుస్తారు, ఎక్కడికీ కాకుండా. మా దగ్గరున్న బెల్జియం కుర్రాడికి సాయంత్రం చెరువు కట్ట దాకా వెళ్లి రావడం అలవాటు. మొదటి వారం అతను ఒక్కసారి కూడా కట్ట చేరలేదు. బండ్లమీద పోయే ప్రతివాడూ ఆపి "ఎక్కు ఎక్కు" అంటాడు. వద్దంటే అర్థం కాలేదేమో అని ఇంకా గట్టిగా చెప్తాడు. మొహమాటానికి ఎక్కితే ఎటు పోవాలో అడగకుండా బస్టాండులో దింపేసి, "పాపం దారి తప్పినట్టున్నాడు" అని టీ కొట్టువాడికి అప్పజెప్పి పోయేవాళ్లు. మనకు నడిచేవాడంటే బండి లేనివాడు, బస్సు తప్పినవాడు. నేనేం చేశానంటే టీ కొట్టు దగ్గర, రేషన్ షాపు దగ్గర నిలబడి చెప్పాను, అతనికి షుగర్ ఏమీ లేదు గానీ డాక్టరు రోజూ నడవమన్నాడు అని. అబద్ధమే. మర్నాటి నుంచి ఒక్క బండి ఆగలేదు. పైగా ఎవరైనా కొత్తవాళ్లు ఆపితే మా ఊరివాళ్లే "ఆయన వాకింగులే, పో" అని పంపించేవాళ్లు. ఆడపిల్ల కాబట్టి మీ మరదలు మొదట్లో మీ ఇంటి ఆడవాళ్లతోనో పిల్లలతోనో నడవడం మంచిది. ముఖం ఊరికి అలవాటైన తర్వాత, వెలుతురు ఉన్నంతసేపు ఒక్కతే వెళ్లినా మా వైపైతే ఇబ్బంది రాలేదు. పొద్దు గూకాక మాత్రం వద్దు, మనవాళ్లకు చెప్పే జాగ్రత్తే ఆమెకూ.

ప్రశ్నలు ఎలాగూ తప్పవు. జీతం ఎంత, పిల్లలు ఎప్పుడు, ఎందుకు ఇంకా లేరు, మీ అమ్మానాన్న ఒప్పుకున్నారా, మెళ్లో తాళి ఏది. జర్మనీ వాళ్లకు జీతం అడగడం అంటే బట్టలు విప్పమన్నంత పని. ముందే చెప్పి ఉంచితే కోపం రాదు, జవాబులు తయారు చేసుకుని వస్తుంది. మా దగ్గర ఉన్న ఒక జర్మన్ ఆవిడ జీతం అడిగినవాళ్లకు "ఇంటి అద్దెకే సరిపోతుంది" అని తెలుగులో చెప్పడం నేర్చుకుంది. అందరూ తెగ సానుభూతి చూపించేవాళ్లు. తెలుగు నేర్చుకోమనండి, ఎంత వస్తే అంత. అయితే వాళ్లు ఎక్కువగా పిల్లల దగ్గరే నేర్చుకుంటారు, దాంతో సర్పంచును కూడా "నువ్వు రా, కూర్చో" అనేస్తారు. మొదటి రోజు నుంచే అత్త, మామ, వదిన, అన్న అని వరసలతో పిలవడం, పెద్దవాళ్లను మీరు అనడం నేర్పించండి.

ఇప్పుడు ఎవరూ మాట్లాడని విషయం. కులం గురించి ఆమెకు మీరే చెప్పండి, ఆమె కనుక్కునేదాకా ఆగకండి. వాళ్లు పుస్తకాల్లో చదివి వస్తారు, చట్టం వచ్చి ఇన్నేళ్లయింది కాబట్టి పల్లెలో కొంచెం మిగిలి ఉంటుందేమో అనుకుంటారు. ఇక్కడికొచ్చాక ఎస్సీ కాలనీ ఊరికి ఏ పక్కన ఉందో, ఎవరి ఇంట్లో ఎవరు అరుగు దగ్గరే ఆగిపోతారో వాళ్ల కంటికి మనకంటే ముందు కనబడుతుంది. ఒకసారి ఒక స్పెయిన్ అమ్మాయితో ఒక పెద్ద రైతు ఇంటికి వెళ్లాను. మాతో పాటు కాలనీ నుంచి ఒక ఆరోగ్య కార్యకర్త కూడా ఉంది, యాభై ఏళ్లు పైబడిన మనిషి. గుమ్మంలోకి రాగానే పరుగెత్తి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, తువ్వాలుతో తుడిచి ఆ అమ్మాయికి వేశారు. నాకొకటి వేశారు. ఆవిడ అలవాటుగా స్తంభానికి ఆనుకుని నిలబడింది. స్పెయిన్ అమ్మాయి లేచి తన కుర్చీ ఆవిడ వైపు జరిపింది. ఆవిడ కూర్చోలేదు, ముఖం మాడిపోయింది, ఎందుకంటే మర్నాడు ఆ ఇంటికి కూలికి పోవాల్సింది ఆవిడే. ఆఖరికి ముగ్గురం నిలబడే మాట్లాడి వచ్చేశాం. దారిలో ఆ అమ్మాయి అడిగింది, ఇరవై రెండేళ్ల నాకు కుర్చీ ఎందుకు, ఆవిడకు ఎందుకు లేదు అని. నా దగ్గర మంచి జవాబు లేదు.

మీ ఇంట్లో పద్ధతులు ఎలా ఉన్నాయో నాకు తెలీదు, తప్పుగా అనుకోవద్దు. పనిమనిషికి గ్లాసు వేరే ఉందా, లేదా? ఉంటే ఆమె మొదటి వారంలోనే చూస్తుంది, మీ తమ్ముణ్ని అడుగుతుంది, అక్కడ మొదలైన గొడవ ఎండాకాలం కంటే వేడిగా ఉంటుంది. ఆమె వచ్చేలోపు ఆ గ్లాసు తీసేయడం అన్నిటికంటే తేలిక, ఆమె కోసమే కాదు అది ఎలాగూ తీసేయాల్సిందే. ముట్టు విషయం కూడా అంతే. కొన్ని ఇళ్లలో వంటింట్లోకి రానివ్వరు, దేవుడి గది వైపు పోనివ్వరు. ఈ మాట అత్తగారు ఆ రోజు అప్పటికప్పుడు చెప్తే ఆమెకు అవమానంగా ఉంటుంది. గుడికి వెళ్లకపోవడం వరకు చాలామంది ఒప్పుకుంటారు, విడిగా కూర్చోబెడితే మాత్రం ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోమని అడగడం కూడా న్యాయం కాదు.

డబ్బు గురించి ఒక ముక్క. అప్పులు అడుగుతారు, ఆసుపత్రి ఖర్చు, బోరు ఖర్చు, ఫీజులు. చాలా వరకు నిజమైన అవసరాలే. మా దగ్గర ఉన్న ఒక నెదర్లాండ్స్ దంపతులు ఎదురింటివాళ్లకు ఆపరేషనుకు డబ్బిచ్చారు, మంచిదే. నెల తిరక్కుండానే పక్కింటివాళ్లు మాట్లాడడం మానేశారు, వాళ్లకు ఎందుకిచ్చారు మాకెందుకు ఇవ్వలేదు అని. ఇవ్వాలనిపిస్తే మనుషులకు విడిగా కాకుండా బడికో, గ్రంథాలయానికో, అందరికీ కనబడేలా ఇవ్వమనండి. లేదా "మా ఆయన్ను అడగాలి" అనమనండి. ఈ మాట చెప్పడం జర్మనీ అమ్మాయికి సుతరామూ నచ్చదు, కానీ ఊళ్లో దీనికి ఎదురులేదు.

తిండి దగ్గర మీరు భయపడుతున్నంత లేదు. కారం తగ్గించి వండితే నెల రోజుల్లో అలవాటు పడతారు. రాగి సంగటి, పప్పు, పెరుగు దాదాపు అందరికీ పడతాయి, బొరుగులతో చేసే ఉగ్గానికైతే మా ఇంట్లో ఉన్నవాళ్లంతా దాసోహం. వాళ్లకు కష్టమైంది రుచి కాదు, వద్దన్నా వడ్డించడం. పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టడం నేర్పండి, మీ ఆడవాళ్లకు ఆగడం నేర్పండి. కాఫీ చక్కెర లేకుండా కావాలంటే డికాక్షన్ విడిగా ఇచ్చేయండి, బయట ఎక్కడా దొరకదు. రొట్టె మీద మాత్రం వాళ్లకు బెంగ తీరదు, మన బేకరీ బ్రెడ్డు వాళ్ల లెక్కలో కేకు. చిన్న ఓవెన్ ఒకటి కొనిపెడితే తనే కాల్చుకుంటుంది, మీకూ పెడుతుంది, మీరు బాగుందని అబద్ధం చెప్తారు.

కడుపు చెడేది కారంతో కాదు, నీళ్లతో, పచ్చివాటితో. మొదటి నెల పళ్లు తోముకోవడానికి కూడా ఆర్వో నీళ్లే వాడమనండి. మన వైపు చాలా చోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది, కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, అందుకని ఏడాది ఉండే మనిషికి కాచిన బోరు నీళ్లు చాలవు. రోడ్డు మీద కోసి పెట్టిన పండ్లు, చెరుకు రసంలో ఐసు, పచ్చి ఉల్లిపాయ ముక్కలు కొన్నాళ్లు వద్దు. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ పొట్లాలు ఇంట్లో ఉండాలి, లేకపోతే లీటరు మంచినీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, చెంచా అంచుకు సమంగా కొలిచి. జ్వరం వచ్చినా, రక్తం పడినా, మూత్రం తగ్గినా ఇంట్లో కూర్చోవద్దు.

ఎండకు ఏసీ పెట్టించండి, వద్దనను, ఆమె ఆ గదిలోనే పనిచేయాలి కదా. కానీ వాళ్లకు ఎండతో ఎలా మెలగాలో తెలియదు, అది నేర్పాలి. ఉక్కగా ఉంటే కిటికీలు తెరవడం వాళ్ల అలవాటు. ఏప్రిల్‌లో మిట్టమధ్యాహ్నం కిటికీలన్నీ బార్లా తెరిచి వడగాలిని ఇంట్లోకి పిలుస్తారు, గాలి ఆడట్లేదు అంటారు. పొద్దున పదిలోపు అన్నీ మూసి, సాయంత్రం మిద్దె మీద నీళ్లు చల్లి, రాత్రి తెరవాలని చూపించండి. ఇంకోటి, జనవరి ఎండ వాళ్లకు పండగ. ఇటలీ అమ్మాయి ఒకతె మా మిద్దె మీద చాప పరుచుకుని, చేతుల్లేని బనీను, నిక్కరుతో ఎండకు పడుకుంది. అరగంటలో చుట్టుపక్కల మిద్దెల మీదికి మగవాళ్లంతా నీళ్ల ట్యాంకులు చూసుకోవడానికి ఎక్కారు. మా అత్త మాట్లాడకుండా గొడుగు తీసుకెళ్లి ఆ పిల్లకు అడ్డంగా పట్టుకుని నిలబడింది, నల్లబడిపోతుందని ఆవిడ బాధ.

కమోడ్ తప్పకుండా పెట్టించండి. వాళ్లకు చిన్నప్పటి నుంచి గొంతుకు కూర్చునే అలవాటు లేక మడమలు నేలకు ఆనవు, వెనక్కి పడిపోతారు, ఇది నాజూకుతనం కాదు. లోపల మూత ఉన్న చెత్తబుట్ట ఒకటి పెట్టండి.

చెత్త అనగానే గుర్తొచ్చింది. జర్మనీ వాళ్ల గుండె పగిలేది ఇక్కడే. అక్కడ కాగితం వేరు, ప్లాస్టిక్కు వేరు, గాజు సీసాలు రంగును బట్టి వేరు. మా ఇంట్లో ఉన్న జర్మన్ ఆవిడ మూడు బుట్టలు పెట్టి నెల రోజులు ఓపిగ్గా వేరు చేసింది, ఆ మూడూ ఒకే గుంటలో పడి తగలబడడం ఒక రోజు కళ్లారా చూసింది. ఆ పూట అన్నం తినలేదు. తర్వాత పాత సామాన్లవాణ్ని పట్టుకుని సీసాలు, అట్టలు, పాల కవర్లు వాడికిచ్చే ఏర్పాటు చేసింది, ఇప్పుడు మా వీధిలో నాలుగిళ్లవాళ్లు అదే చేస్తున్నారు. మిగతాది ఇప్పటికీ గుంటలోకే.

చప్పుడు గురించి కూడా ముందే చెప్పాలి. తెల్లవారుజామున గుడి మైకు, మసీదు మైకు, శ్రావణంలో పెళ్లిళ్ల డీజే. నిద్రకు చెవుల్లో పెట్టుకునే దూది లాంటివి వాళ్లే తెచ్చుకుంటారు. కదిరి నరసింహస్వామి తేరు, గూగూడు పీర్ల పండగ మాత్రం చూడాల్సిందే, తీసుకెళ్లండి. హిందువులూ ముస్లింలూ కలిసి చేసే పీర్ల పండగ చూసి ఆశ్చర్యపోనివాళ్లు లేరు. జాతరలో పొట్టేలును కొట్టేటప్పుడు పక్కనే నిలబెట్టకండి, ముందే చెప్పి ఆమె ఇష్టానికి వదిలేయండి.

ప్రాణం మీదికి వచ్చేవి రెండు, వీటిలో మొహమాటం వద్దు. వీధి కుక్కలు, పాములు. జర్మనీ లాంటి దేశాల్లో వీధి కుక్కలు దాదాపు ఉండవు, వాటి నుంచి రేబిస్ వస్తుందన్న భయమూ లేదు. ఇక్కడికి వచ్చీ రాగానే వీధి కుక్కపిల్లలను ఒళ్లో పెట్టుకుంటారు. బయల్దేరే ముందే అక్కడ రేబిస్ టీకాలు వేయించుకోమనండి. అయినా సరే, కరిచినా గీరినా పదిహేను నిమిషాలు సబ్బుతో ధారగా కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిందే, మళ్లీ సూదులు వేయించుకోవాల్సిందే. పాముల విషయంలో, నేల మీద పడుకోవద్దు. కట్లపాము ఎక్కువగా రాత్రిళ్లు నేల మీద పడుకున్నవాళ్లనే కరుస్తుంది, చాలాసార్లు కాటు కూడా తెలియదు. మంచం, చుట్టూ లోపలికి దోపిన దోమతెర. చీకట్లో బయటికి పోతే టార్చి, చెప్పులు. కాటు పడితే కట్లు కట్టడం, కొయ్యడం, మంత్రం ఏవీ వద్దు, కదలనివ్వకుండా 108లో విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి. మీకు దగ్గర్లో అది ఎక్కడ ఉంటుందో ఇప్పుడే కనుక్కుని రాసి పెట్టుకోండి. డెంగీ దోమ పగలే కుడుతుంది కాబట్టి తెర ఒక్కటే చాలదు, పగలు ఒంటికి రాసుకునేది కూడా కావాలి.

కాగితాల పని. విదేశీ పాస్‌పోర్టు ఉన్న మనిషి మీ ఇంట్లో బస చేస్తే 24 గంటల్లోపు ఆన్‌లైన్‌లో బస వివరాల ఫారం (ఫారం-సి అని పిలిచేవాళ్లు) నింపాల్సిన బాధ్యత ఇంటివాళ్లదే, కోడలైనా సరే. 180 రోజులు దాటి ఉండే వీసా మీద వస్తే దిగిన 14 రోజుల్లో ఎఫ్ఆర్ఆర్ఓ (విదేశీయుల నమోదు కార్యాలయం) దగ్గర నమోదు చేయించుకోవాలి, అదీ ఆన్‌లైనే. టూరిస్టు వీసా మీద ఏడాది కాపురానికి రావద్దు. మీ తమ్ముడిది భారత పాస్‌పోర్టే అయితే భార్యగా ఎంట్రీ వీసా అడగొచ్చు. పెళ్లి రిజిస్టరై రెండేళ్లు నిండితే ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) కార్డుకు అర్హత వస్తుంది, అది ఉంటే ఈ నమోదు గొడవలు చాలా వరకు ఉండవు. నియమాలు మారుతుంటాయి కాబట్టి వచ్చే ముందు ఎఫ్ఆర్ఆర్ఓ సైటు, అక్కడి మన ఎంబసీ సైటు చూసుకోండి. ఆమె ఇక్కడ కూర్చుని జర్మనీ కంపెనీకి పనిచేస్తానంటోంది కదా, ఆ వీసా మీద అది కుదురుతుందా అని రాతపూర్వకంగా అడగండి. ఒక ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు గానీ అంతకు మించి గానీ ఉంటే ఇక్కడ పన్ను లెక్కలోకి కూడా వస్తుంది, సీఏను అడగకుండా టికెట్లు కొనొద్దు.

పని వేళలు చూసుకున్నారా? అక్కడ పొద్దున తొమ్మిదైతే మనకు ఎండాకాలంలో మధ్యాహ్నం పన్నెండున్నర, చలికాలంలో ఒకటిన్నర. అంటే రాత్రి తొమ్మిదీ పదిదాకా పని. సరిగ్గా ఇంట్లో అందరూ టీవీ ముందు కూర్చునే సమయం, మే నెలలో గాలివాన వచ్చి కరెంటు పోయే సమయం. ఫైబర్ కనెక్షను, దానికి తోడు ఇంకో కంపెనీ సిమ్ము, నాలుగు గంటలు ఆగే ఇన్వర్టర్, మోడెం కూడా దానికే కలపాలి. పొద్దునంతా ఆమెకు ఖాళీ, అది మంచిదే, ఊరి పనులన్నీ పొద్దునే కదా.

ఆ ఖాళీలోనే ఆమెకొక పని కావాలన్నాను. ఇంగ్లీషు ట్యూషను చెప్పించాలని అందరికీ తడుతుంది, చేయొచ్చు, కానీ అక్కడ కూడా ఆమె కుర్చీలోనే ఉంటుంది. చేత్తో చేసే పని కావాలి. మా ఇంట్లో ఉన్న ఆ జర్మన్ ఆవిడ శెనక్కాయల కాలంలో, అక్టోబరులో, మా చేను దగ్గర కాయలు విడిపించే ఆడవాళ్ల మధ్యకు వెళ్లి కూర్చుంది. మొదటి రోజు ఆమె పెరికిన కుప్ప చూసి అందరూ పడీపడీ నవ్వారు, వాళ్లు మూడు గంపలు నింపేలోపు ఈమెది సగం గంప. వేళ్లు బొబ్బలెక్కాయి. ఒక పెద్దామె చెయ్యి పట్టుకుని చూపించింది, చెట్టును గుత్తిగా పట్టి గంప అంచుకు కొట్టాలని. వారానికి పూర్తి గంప నింపింది. అప్పటిదాకా ఆమెను "దొరసాని" అని పిలిచినవాళ్లు "ఇదిగో పిల్లా, ఆ గంప ఇటు జరుపు" అనడం మొదలుపెట్టారు. ఎవరి మొగుడు తాగొస్తాడో, ఎవరి కోడలు పుట్టింట్లో ఉందో సగం సైగలతో ఆమెకు చెప్పేవాళ్లు. ఆ తర్వాత ఆమె తలుపు వేసుకున్నా, నడకకు పోయినా ఎవరూ కారణం అడగలేదు. రెండేళ్లు ఉంది.

మీకు చేను ఉందో లేదో రాయలేదు. లేకపోతే ఆవు, మేకలు, పట్టుపురుగుల షెడ్డు, అంగన్‌వాడీ, పూలు కట్టే వాకిలి, ఏదైనా సరే, రోజూ ఒకే వేళకు వెళ్లి నలుగురితో కూర్చుని చేసేది అయితే చాలు. ఇక ఎప్పుడు రావాలంటే నవంబరులో రమ్మనండి. వానలు తగ్గుముఖం పట్టి ఉంటాయి, చలి మొదలై ఉంటుంది, ఎండలు ముదిరేలోపు ఆమెకు మూడు నెలలు దొరుకుతాయి. ఏప్రిల్‌లో మాత్రం దింపకండి, ఎంత ఏసీ పెట్టినా.

మీ ఇంటికి పై మిద్దె మీద విడిగా గది, మెట్లు బయట నుంచి ఉన్నాయా లేదా అన్నది రాయండి. ఉంటే కమోడ్, ట్యాంకు, ఇన్వర్టర్ ఎక్కడ పెట్టాలో మా ఇంటి అనుభవంతో చెప్తాను. లేకపోతే కింద గదికే గడియ వేయించి, కిటికీకి కర్టెన్ కట్టండి. పిల్లలు ముందు చూసేది కిటికీలోంచే.